పెరటి మట్టిలో దొరికిన పాత తుపాకి గుండును గుర్తించడం ఎలా: వర్జీనియాలోని తెలుగువారి కోసం

ఉత్తర వర్జీనియాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన ఊళ్ల పేర్లే అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య 1861-65లో జరిగిన అంతర్యుద్ధ చరిత్రలోనూ కనిపిస్తాయి. షాంటిలీ దగ్గర 1862 సెప్టెంబరు 1న ఉరుముల వానలో యుద్ధం జరిగింది. ఆల్డీలో 1863 జూన్ 17న రెండు పక్షాల అశ్విక దళాలు తలపడ్డాయి. సెంటర్‌విల్‌లో దక్షిణాది సైన్యం 1861-62 చలికాలమంతా గుడిసెలు వేసుకుని మకాం చేసింది. అందువల్ల పెరట్లో కూరగాయల మడి తవ్వుతున్నప్పుడో, పిల్లలతో కలిసి మెటల్ డిటెక్టర్ తిప్పుతున్నప్పుడో, సున్నం పూసినట్టు తెల్లగా, చూపుకు మించిన బరువుతో ఉన్న సీసపు ముద్ద ఒకటి చేతికి తగలడం ఇక్కడ వింత కాదు. అది ఏ తుపాకిదో, కాల్చినదో, జేబులోంచి జారినదో తేల్చుకోవడానికి నిపుణుడే అక్కరలేదు. ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్, గ్రాములో పదో వంతు వరకు తూచే చిన్న త్రాసు, భూతద్దం, అయస్కాంతం, వీటితోపాటు కొంత ఓపిక ఉంటే చాలు. అయితే ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్న వరుస చాలా ముఖ్యం, ఎందుకంటే ఒకసారి చెరిపేసిన ఆనవాలు మళ్లీ రాదు.

ముందుగా నేల ఎవరిదో చూసుకోండి

మీ సొంత పెరడైతే ఇబ్బంది లేదు. ఇంటి యజమాని వేరొకరైతే, లేదా అది కాలనీ సంఘం ఉమ్మడి స్థలమైతే, రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కౌంటీ పార్కుల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కనుక ముందే అడగాలి. మనాసస్, ఫ్రెడరిక్స్‌బర్గ్, పీటర్స్‌బర్గ్ వంటి చోట్ల నేషనల్ పార్క్ సర్వీసు అధీనంలో ఉన్న యుద్ధక్షేత్రాల్లో మాత్రం అడగాల్సిన ప్రశ్నే లేదు: అక్కడ మెటల్ డిటెక్టర్ వాడటమే కాదు, దాన్ని చేతపట్టుకుని తిరగడం కూడా నేరం. ఈ నిషేధం సరైనదేనని నా అభిప్రాయం. యుద్ధక్షేత్రంలో గుండ్లు ఎక్కడెక్కడ పడ్డాయో ఆ అమరికను బట్టే ఏ దళం ఎక్కడ నిలబడి పోరాడిందో పురావస్తు పరిశోధకులు తేలుస్తారు, కనుక ఒక్కొక్కరూ ఒక్కొక్క గుండు తీసుకుపోతే ఆ పటం చెరిగిపోతుంది. సొంత పెరట్లోనైనా లోతుగా తవ్వేముందు 811కు ఫోన్ చేయండి. గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో వారు ఉచితంగా గుర్తు పెట్టించి వెళ్తారు.

డిటెక్టర్ తెరపై సీసపు గుండ్లు తరచుగా సోడా డబ్బాల మూత రింగులు పలికే అంకెల చుట్టుపక్కలే పలుకుతాయి. చెత్త అనుకుని ఆ అంకెలను వదిలేసేవారికి గుండ్లు దొరకవు.

పేలేవాటికి దూరంగా ఉండండి

మట్టిలో బయటపడినది పిడికిలి కంటే పెద్దదైన ఇనుప బంతి అయినా, కోసుగా ఉన్న ఇనుప గొట్టం వంటిది అయినా తవ్వడం ఆపి, వెనక్కి జరిగి, 911కు ఫోన్ చేయండి. అది ఫిరంగి గుండు కావచ్చు, లోపలి తుపాకిమందు నూట అరవై ఏళ్ల తర్వాత కూడా పేలవచ్చు. 2008లో ఇదే వర్జీనియాలోని చెస్టర్‌లో, ఏళ్ల తరబడి ఇలాంటివి సేకరించిన వ్యక్తి ఒకరు అంతర్యుద్ధ కాలపు ఫిరంగి గుండును శుభ్రం చేస్తుండగా అది పేలి చనిపోయారు. ఒట్టి సీసపు గుండు పేలదు. కానీ దాని అడుగున మందు నింపే రాగి లేదా ఇత్తడి డొప్ప అంటుకుని ఉంటే అది కాల్చని తూటా, లోపల మందు ఉన్నట్టే లెక్క. దాన్ని సుత్తితో కొట్టడం, రంధ్రం చేయడం, వేడి చేయడం వంటివి ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

చోటును రాసి పెట్టుకోండి, తర్వాతే కడగండి

గుండు బయటికి తీయగానే ఫోన్‌తో ఒక ఫోటో తీసి, ఎంత లోతులో ఉంది, కంచె నుంచో చెట్టు నుంచో ఎంత దూరం, పక్కన ఇంకేమైనా దొరికాయా అన్నవి అక్కడికక్కడే రాసుకోండి. చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి సంచి మీద అంకె వేయండి. ఒకే చోట పది గుండ్లు దొరికి, అన్నీ చెక్కుచెదరకుండా ఉంటే అది సైనికులు మకాం వేసిన చోటు కావచ్చు. పదీ నలిగి, ముక్కులు చితికి ఉంటే అటువైపుగా ఎవరో కాల్చారన్నమాట. చోటు రాయకుండా అన్నీ ఒకే డబ్బాలో పోసుకుంటే ఈ రెండింటికీ తేడా తెలియదు.

ఇక శుభ్రం చేయడం. మామూలు నీళ్లలో కాసేపు నాననిచ్చి, మెత్తని పళ్లకుంచెతో మట్టిని మాత్రమే వదిలించి, నీడన ఆరబెట్టండి. ఇంతకుమించి ఏమీ చేయకూడదు. నేను ఈ పని మొదలుపెట్టిన తొలిరోజుల్లో ఒక గుండును వెనిగర్‌లో రాత్రంతా నానబెట్టాను. ఉదయానికి తెల్లని పొర పూర్తిగా పోయి, నల్లగా, గుంటలు పడిన సీసం మిగిలింది. దాని నడుము మీద ఉన్న సన్నని గీతలు, అంటే అది కాల్చిన గుండు అని చెప్పే ఏకైక సాక్ష్యం, ఆ పొరతోనే కరిగిపోయాయి. ఆ గుండు ఏ తుపాకిదో నేను ఈనాటికీ చెప్పలేను. వెనిగర్, నిమ్మరసం, చింతపండు పులుసు, ఇనుప బ్రష్, ఇసుక కాగితం: ఇంట్లో ఇత్తడి సామాను తోమడానికి పనికొచ్చే ఇవన్నీ సీసానికి శత్రువులే. పైగా ఆ తెల్లని పొర సీసపు లవణం, ఒంట్లోకి వెళితే విషం. దాన్ని గీకితే ధూళి ఊపిరిలోకి పోతుంది. పట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, వంటగదిలో ఈ పని పెట్టుకోకండి, పసిపిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వకండి.

తూచండి, కొలవండి

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే అది ఇనుము, మనం వెతికే సీసపు తుపాకి గుండు కాదు. అంటుకోకుండా, బూడిద రంగు మీద తెల్లని లేదా లేత గోధుమరంగు పొర ఉండి, పరిమాణానికి మించిన బరువు తోస్తే సీసం. పైన రాగి తొడుగు ఉన్న గుండు అంతర్యుద్ధం నాటిది కాజాలదు, ఎందుకంటే గుండు ఒంటికి రాగి తొడుగు వేయడం 1880లలో వచ్చిన పద్ధతి.

తర్వాత గుండు నడుమును కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలిచి, బరువును గ్రాముల్లో రాసుకోండి. అమెరికా పుస్తకాలన్నీ వ్యాసాన్ని అంగుళాల్లో, బరువును గ్రెయిన్లలో చెబుతాయి. మిల్లీమీటర్లను 25.4తో భాగిస్తే అంగుళాలు వస్తాయి, గ్రాములను 15.43తో గుణిస్తే గ్రెయిన్లు వస్తాయి. ఆ రోజుల్లో 58 క్యాలిబర్ తుపాకి అంటే గొట్టం లోపలి వ్యాసం 0.58 అంగుళం, అంటే సుమారు 14.7 మిల్లీమీటర్లు అని అర్థం.

గుండు నలిగిపోయి వ్యాసం కొలవడం వీలుకాకపోతే, అది మొదట గోళాకారంగా ఉన్నదే అయితే, బరువును బట్టి అసలు వ్యాసాన్ని లెక్కగట్టవచ్చు. 1778 జూన్ 28న న్యూజెర్సీలో యుద్ధం జరిగిన మన్మౌత్ క్షేత్రంలో పురావస్తు పరిశోధన చేసిన డేనియల్ సివిలిచ్ ఈ లెక్కను రూపొందించారు. గ్రాముల్లో ఉన్న బరువుకు ఘనమూలం కట్టి, దాన్ని 0.2232తో గుణిస్తే అంగుళాల్లో వ్యాసం వస్తుంది. మిల్లీమీటర్లు కావాలంటే 5.67తో గుణించండి. ఉదాహరణకు మీ ముద్ద 25 గ్రాములు తూగితే, 25కు ఘనమూలం 2.92, దాన్ని 5.67తో గుణిస్తే సుమారు 16.6 మిల్లీమీటర్లు, అంటే 0.65 అంగుళం. 0.69 అంగుళాల నున్నని గొట్టం ఉన్న పాత మస్కెట్లలో వేసే గుండు సరిగ్గా ఇంతే ఉంటుంది. 30 గ్రాములు దాటితే వ్యాసం 0.69 అంగుళం దగ్గరికి చేరుతుంది, అప్పుడు అది బ్రిటిష్ సైనికుల బ్రౌన్ బెస్ మస్కెట్‌ది, అంటే అంతర్యుద్ధానికి ఎనభై ఏళ్ల ముందరి స్వాతంత్ర్య యుద్ధ కాలానిది కావచ్చు. ముద్దలో కొంత భాగం చిట్లి పోయి ఉంటే మాత్రం ఈ లెక్క తక్కువ చూపిస్తుంది.

అడుగు భాగాన్ని చూడండి

కొత్తవారందరూ గుండు ముక్కును చూస్తారు. అసలు సంగతి అడుగున ఉంటుంది. ఎందుకో తెలియాలంటే ఆ తుపాకులు పనిచేసిన తీరు కొంచెం తెలియాలి.

అంతర్యుద్ధంలో పదాతి సైనికుడి తుపాకిని మూతి వైపు నుంచే నింపాలి. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటేనే గుండు గిరగిర తిరుగుతూ గురి తప్పకుండా పోతుంది, కానీ గాడుల్లో బిగుసుకునేంత పెద్ద గుండును మూతిలోంచి కిందికి దట్టించడం కష్టం. ఫ్రెంచి సైనికాధికారి క్లోద్ ఎతియెన్ మీనియే 1840ల చివర్లో దీనికి పరిష్కారం చూపారు: గుండును గొట్టం కంటే కాస్త సన్నగా, అడుగున బోలుగా చేయడం. మందు పేలగానే ఆ వాయువు బోలులోకి దూసుకుపోయి అంచులను వెడల్పు చేస్తుంది, అంచులు గాడుల్లో కరుచుకుంటాయి. మీనియే బోలులో ఒక ఇనుప గిన్నె పెట్టారు. హార్పర్స్ ఫెర్రీ ఆయుధశాలలో జేమ్స్ బర్టన్ ఆ గిన్నె లేకుండానే పనిచేసే రూపం ఇచ్చారు. అమెరికా సైన్యం 1855లో దాన్ని స్వీకరించింది. అందువల్ల అడుగున శంఖువు ఆకారంలో లోతైన బోలు ఉందంటే అది మూతి నుంచి నింపిన తుపాకిది. అడుగు నిండుగా, చదునుగా ఉందంటే వెనుక నుంచి నింపే, అశ్విక దళాలు వాడే పొట్టి తుపాకి కార్బైన్‌దో రివాల్వర్‌దో అయ్యే అవకాశం ఎక్కువ. వెనుక నుంచి నింపే తుపాకుల్లో గుండు నేరుగా గాడుల్లోకి నెట్టబడుతుంది కనుక, అది గొట్టం కంటే కాస్త పెద్దదిగానే ఉంటుంది. ఈ ఒక్క తేడా తెలియక 0.54 అంగుళాల షార్ప్స్ గుండును చాలామంది 54 క్యాలిబర్ తుపాకికి అంటగడతారు, నిజానికి షార్ప్స్ కార్బైన్ గొట్టం 0.52 అంగుళమే.

ఇక్కడ ఎక్కువగా దొరికే రకాలు

నడుము చుట్టూ మూడు గాడులు, అడుగున శంఖువు బోలు, వ్యాసం 14.5 నుంచి 14.7 మిల్లీమీటర్లు, బరువు 32 గ్రాముల ప్రాంతం ఉంటే అది ఉత్తరాది సైన్యపు స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌లో వాడిన మీనియే గుండు. అంతర్యుద్ధపు గుండ్లలో అన్నిటికంటే ఎక్కువగా దొరికేది ఇదే. రూపం అదే అయి, వ్యాసం 17 మిల్లీమీటర్ల పైన, బరువు 47 గ్రాముల దాకా ఉంటే, పాత 69 క్యాలిబర్ మస్కెట్ల గొట్టంలో గాడులు వేయించి వాడిన తుపాకిది.

గాడులు అసలే లేకుండా నున్నగా, 14 నుంచి 14.4 మిల్లీమీటర్ల మధ్య, లోతైన బోలుతో ఉంటే అది ఇంగ్లండు నుంచి వచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ గుండు. ఈ పేరు మనకు కొత్త కాదు. 1857 తిరుగుబాటు పాఠంలో కొవ్వు పూసిన తూటాలను పళ్లతో కొరకాల్సి వచ్చిందని చదువుకున్నది ఈ తుపాకి గురించే. గుండు చుట్టూ కాగితం చుట్టి, ఆ కాగితానికి కొవ్వు పూసేవారు కనుకే గుండు మీద కొవ్వు నిలిచే గాడులు అవసరం లేకపోయింది. నాలుగేళ్ల తర్వాత అమెరికాలో రెండు పక్షాలూ ఇవే తుపాకులను ఓడల్లో తెప్పించుకున్నాయి. బోలు లోపల కొయ్య లేదా మట్టి బిరడా పెట్టేవారు. బోలు గోడలను భూతద్దంతో చూస్తే కొన్నిటిలో పైకి ఉబ్బిన అంకెలో అక్షరమో కనిపిస్తుంది, కనుక అక్కడి మట్టిని పుల్లతో గుచ్చకుండా నీళ్లతోనే వదిలించండి.

దక్షిణాది సైన్యపు గుండ్లలో తేలికగా గుర్తుపట్టగలిగేది గార్డ్‌నర్ గుండు. నడుము మీద రెండే ఉబ్బెత్తు పట్టీలు ఉంటాయి, కింది అంచు కాగితాన్ని కరిచిపట్టుకునేలా లోపలికి నొక్కి ఉంటుంది. 1861లో దీనికి దక్షిణాది ప్రభుత్వం పేటెంటు ఇచ్చింది. ఉత్తరాదివారి గుండ్లు ఎక్కువగా యంత్రంతో నొక్కి చేసినవి కనుక నున్నగా ఉంటాయి. దక్షిణాదివి ఎక్కువగా అచ్చులో పోసినవి కనుక రెండు పక్కలా అచ్చు అతుకు గీత తెలుస్తుంది. అయితే ఈ ఒక్క గుర్తుతోనే పక్షాన్ని తేల్చేయకండి, ఇద్దరూ ఒకరి సరుకు ఒకరు పట్టుకుని వాడుకున్నారు.

అడుగున పల్చని జింకు బిళ్ల, లేదా బిళ్ల ఊడిపోయి చిన్న రంధ్రం ఉంటే అది విలియమ్స్ గుండు. గొట్టంలో పేరుకున్న మసిని గీకేందుకు దీన్ని 1862 నుంచి వాడారు.

ఆల్డీ, మిడిల్‌బర్గ్, అప్పర్‌విల్ దారి పొడవునా పోరాడింది అశ్విక దళాలు కనుక అక్కడ కార్బైన్ గుండ్లు ఎదురవుతాయి. షార్ప్స్ గుండుకు అడుగు నిండుగా ఉండి, కొన్నిటికి కాగితపు సంచిని కట్టేందుకు సన్నని మెడ వంటి పట్టీ ఉంటుంది. రివాల్వర్ గుండ్లు చిన్నవి: 44 క్యాలిబర్ గోళం 9 గ్రాముల చుట్టూ, 36 క్యాలిబర్‌ది 5 గ్రాముల చుట్టూ తూగుతుంది. రివాల్వర్ గదిలోకి బిగించి నొక్కినప్పుడు గోళం నడుము చదునై సన్నని పట్టీ ఏర్పడుతుంది. 8 మిల్లీమీటర్ల చిన్న సీసపు గోళాలు దొరికితే, పాత మస్కెట్‌లో పెద్ద గుండు ఒకటి, చిన్నవి మూడు కలిపి కాల్చే తూటాలోవి కావచ్చు.

కాల్చినదా, జారిపోయినదా, లాగి తీసినదా

మీనియే గుండును అడ్డంగా పట్టుకుని, ఒక పక్కనుంచి మాత్రమే వెలుగు పడేలా దీపం పెట్టి చూడండి. కాల్చిన గుండు నడుము మీద గాడులను దాటుకుంటూ కొద్దిగా వాలుగా నిలువు పట్టీలు కనిపిస్తాయి. స్ప్రింగ్‌ఫీల్డ్, ఎన్‌ఫీల్డ్ రెండిటికీ గొట్టంలో గాడులు మూడే కనుక వెడల్పాటి పట్టీలు మూడు ఉంటాయి. ఆస్ట్రియా నుంచి వచ్చిన లోరెంజ్ రైఫిల్‌కు నాలుగు. అడుగు అంచు విచ్చుకుని ఉండటం, ముక్కు చితకడం కూడా కాల్చిన గుర్తులే. ఈ పట్టీలు లేకుండా రూపం పూర్తిగా నిలిచి ఉంటే అది సైనికుడి చేతిలోంచో సంచిలోంచో జారినది.

నా దగ్గరున్న వాటిలో నేను ఎక్కువసార్లు చేతిలోకి తీసుకునేది మూడో రకం. అది మూడు గాడుల గుండు, 14.6 మిల్లీమీటర్లు, అడుగు అంచు చక్కగా ఉంది, నడుము మీద గీత లేదు. ముక్కున మాత్రం మధ్య నుంచి కొంచెం పక్కకు తప్పి ఒక రంధ్రం, భూతద్దంతో చూస్తే ఆ రంధ్రం గోడలో మర తిరిగిన మెట్లు స్పష్టంగా ఉన్నాయి. వానకు మందు తడిసినా, కాపలా ముగిశాక తుపాకి ఖాళీ చేయాల్సి వచ్చినా, గుండును దట్టించే కడ్డీ కొనకు మర బిగించి, గొట్టంలోని గుండు ముక్కున దాన్ని తిప్పి, బలంగా పైకి లాగేవారు. రంధ్రం పక్కనే సగం తిరిగి జారిన మరో గీత ఉంది, అంటే ఆ సైనికుడికి మొదటిసారి మర పట్టు దొరకలేదు.

పళ్ల గాట్లు ఉన్న గుండు దొరికితే, మత్తులేని శస్త్రచికిత్సలో గాయపడిన సైనికుడు కొరికినదని చెప్పి అమ్మేవారు ఉంటారు. అప్పటి శస్త్రచికిత్సల్లో అత్యధికం క్లోరోఫారం, ఈథర్‌లతోనే జరిగాయి. ఆ గాట్లు ఎక్కువగా పందులవి. సన్నగా, జంటగా, సమాంతరంగా ఉంటే ఎలుక జాతి జంతువులవి. కత్తితో చెక్కిన ఆనవాళ్లుంటే మాత్రం జాగ్రత్తగా చూడండి, మకాంలో ఊసుపోక సైనికులు సీసాన్ని చదరంగం పావులుగా, గాలానికి కట్టే బరువులుగా మలిచేవారు.

పొరబడే అవకాశం ఉన్నవి

అన్నిటికంటే ఎక్కువగా దొరికే సీసపు గుండు నిజానికి 22 క్యాలిబర్‌ది, అంటే 5.6 మిల్లీమీటర్లది, ఉడుతలను కొట్టేందుకు నేటికీ వాడేది. 18 మిల్లీమీటర్ల పైబడి, అడుగున పెద్ద బోలు, పక్కలకు మెలి తిరిగిన ఈనెలు ఉన్నది 1931 నుంచి వచ్చిన షాట్‌గన్ స్లగ్. దాన్ని మీనియే అనుకోవడం చాలా మామూలు. పాత తుపాకుల నమూనాలతో వేటాడేవారు మీనియే గుండ్లను ఇప్పటికీ పోసుకుంటారు కనుక, మూడు గాడులు ఉన్నా పైన తెల్లని పొర లేకుండా ముదురు బూడిద రంగుతో మెరుస్తుంటే అనుమానించండి.

దాచుకోవడం

టేకు పెట్టె అయినా ఓక్ చెక్క అల్మరా అయినా సీసానికి పనికిరాదు, చెక్క నుంచి, ముఖ్యంగా ఓక్ నుంచి, వెలువడే ఆమ్లపు ఆవిరికి సీసం పొడిపొడిగా రాలిపోతుంది. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ గళ్ల డబ్బా వాడండి. ఇండియా వెళ్లేటప్పుడు బంధువులకు చూపిద్దామని సామానులో పెట్టకండి, విమానాశ్రయ తనిఖీలో గుండు ఎంత పాతదైనా చిక్కే. డిటెక్టర్‌నూ వెంట తీసుకెళ్లి గోల్కొండలోనో మరే రక్షిత కట్టడం దగ్గరో తిప్పాలనుకోకండి, అటువంటి చోట్ల అనుమతి లేని తవ్వకాన్ని 1958 నాటి చట్టం నిషేధిస్తుంది.

ప్రతి గుండు పక్కనా ఒక చీటీ పెట్టండి. పైన చెప్పిన గుండు గడిలో నేను పెట్టుకున్న చీటీ ఇలా ఉంది: "7వ నంబరు. ఇంటి వెనక కంచెకు 4 మీటర్లు, పాత ఓక్ మొద్దుకు తూర్పున. లోతు 15 సెంటీమీటర్లు. మూడు గాడుల మీనియే, 14.6 మి.మీ., 31.8 గ్రా. కాల్చలేదు. ముక్కున మర రంధ్రం, పక్కన జారిన గీత. నీళ్లతో మాత్రమే కడిగాను."